ముప్పై ఒక్క ఒకట్లు

మార్చి 4

ఒరేయ్ చిన్నోడా,

ఆరేళ్ల తర్వాత అక్క ఉత్తరం రాసిందంటే ఏదో కొంప మునిగిందని నీకే తెలుస్తుంది. మునిగింది. నాన్న మీ బావ కుడిచెయ్యి విరగ్గొట్టాడు. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు. వాచీలు బాగుచేసేవాడికి అన్నం పెట్టేవి ఆ మూడే కదా.

ఫిల్ము నేనే తీశాను. పద్నాలుగేళ్లుగా ఆ ఎక్స్‌రే గదిలో ఎంతమందికి చెప్పి ఉంటానో, కదలకుండా పెట్టండి అని. మొగుడికి చెప్పడానికి నోరు రాలేదు. ఆయన వేళ్లు నేనే పట్టుకుని ప్లేటు మీద పరిచాను. డాక్టరు అడిగితే "బీరువా జరుపుతుంటే మీద పడిందండీ" అన్నాడు మహానుభావుడు. నా వైపు చూడలేదు.

పని ఉండి రాస్తున్నాను, సోదికి టైము లేదు. నీ నోటుపుస్తకాలు నీ దగ్గరున్నాయా? నావి నాన్న దగ్గర భద్రంగా ఉన్నాయి. నీవి నువ్వు ఇల్లొదిలి పోయినప్పుడు సంచిలో పెట్టుకెళ్లావని గుర్తు. రెండువేల ఏడువందల తొంభై ఒకటితో భాగించిన పేజీ ఒక్కటి చింపి పంపు. ఎందుకని అడక్కుండా పంపితే నీ సొమ్మేం పోదు.

అక్క

మార్చి 11

అక్కా,

ఎందుకని అడక్కుండా నేనేదీ చెయ్యను, నీకు తెలుసు.

నాకొకటి అర్థం కాలేదు. నాన్న పరాయివాళ్ల మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు. వర్క్‌షాపులో లేత్ మిషన్ల మధ్య ఆయనంత నెమ్మదైన ఫోర్‌మన్ లేడని అందరూ అనేవాళ్లు. కొట్టాలంటే ఇంట్లో మనిద్దరం ఉన్నాం, సరిపోయేవాళ్లం. అలాంటి మనిషి అల్లుడి వేళ్లు విరగ్గొట్టాడంటే నువ్వు దాస్తున్నదేదో ఉంది. పైగా బావ డాక్టరుకి అబద్ధం చెప్పాడు, నీ వైపు చూడలేదు అంటున్నావు. తప్పు చేసినవాడే తల దించుకుంటాడు. బావ నిన్ను కొడుతున్నాడా? కొడుతుంటే నాన్న చూసి ఉంటాడు. జీవితంలో మొదటిసారి ఆ ముసలాయన కొట్టాల్సినవాణ్ని కొట్టాడనుకుంటాను.

బావకి కూడా ఒక ఉత్తరం రాశాను, షాపు అడ్రసుకి. అది చదివితే ఆ మిగిలిన రెండు వేళ్లనైనా జాగ్రత్తగా చూసుకుంటాడు.

నోటుపుస్తకాలు లేవు. ఈ ఓడల యార్డులో వెల్డరుగా చేరిన మొదటి వారమే కాల్చేశాను. టార్చి వెలిగించి, ఒక్కో పుస్తకం, అట్టతో సహా.

నా సంగతి అడగలేదు గానీ చెబుతాను. పోయిన నెల మా ఫిట్టరు కొలత తప్పు చెప్పాడని చేతిలో ఉన్న సుత్తి విసిరాను. వాడి చెవి పక్కనుంచి పోయి ఇనప రేకుకి తగిలింది. వాడికి ఇద్దరు పిల్లలు. ఈ చేత్తో ఒక ఆడపిల్లనీ, ఒక పసిదాన్నీ ఇంట్లో పెట్టుకుని బతకడం నావల్ల కాదని పెళ్లి మానేశాను. బతిమాలి చూశావుగా, ఇప్పుడు కారణం తెలుసుకో.

తమ్ముడు

మార్చి 19

తమ్ముడికి,

నీ నోట్లో మట్టి పడ! ముందు ఆ మాట అనేసి తర్వాత సంగతి రాస్తాను.

నీ ఉత్తరం మీ బావ ఎడంచేత్తో, పళ్లతో చింపుకుని చదివాడు. చదివి, "మీ తమ్ముడి దస్తూరీ గుండ్రంగా బాగుంది" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనే నీకు ఆయన మీద చాడీలు రాశాననుకున్నాడు. పన్నెండేళ్ల కాపురంలో నా మీద గొంతెత్తని మనిషిని పట్టుకుని ఎంత మాటన్నావురా! ఆయన నా వైపు చూడనిది సిగ్గుతో కాదు, నేను ఏడుస్తానేమోనని. తప్పు నాదేలే, అయిదు ముక్కల్లో రాస్తే నువ్వు నీ బుద్ధికి తోచినట్టు పూరించుకున్నావు. ఈసారి మొదటినుంచీ రాస్తాను, విను.

నాన్న రెండు నెలలుగా సాయంత్రాలు మా ఇంటికొస్తున్నాడు. మనవరాలిని చూడాలనుందన్నాడు. నాకేమో సాయంత్రం డ్యూటీ. "తాతయ్య లెక్కలు నేర్పుతున్నాడమ్మా" అని పాప చెప్పింది కూడా. విన్నాను, విని ఊరుకున్నాను. మనిషి ముసలివాడయ్యాడు, మారాడనుకున్నాను. కుక్కతోక సంగతి తెలిసీ అలా అనుకున్నందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి.

ఏ లెక్కలో తెలుసా? అదే లెక్క. వరసగా ముప్పై ఒక్క ఒకట్లు.

పంతొమ్మిది ఒకట్లు పక్కపక్కన రాస్తే వచ్చే సంఖ్య దేనితోనూ భాగం పోదనీ, ఇరవై మూడు ఒకట్లదీ అదే కథనీ నాన్న ఎక్కడో చదివి, తర్వాతది తనే కనిపెట్టాలని పంతం పట్టాడు కదా. ఒకట్లు ఎన్నున్నాయో ఆ లెక్క కూడా ప్రధాన సంఖ్యే కావాలట, అందుకని ఇరవై తొమ్మిది ఒకట్ల మీద మూడేళ్లు కూర్చున్నాడు, అది మూడువేల నూట తొంభై ఒకటితో పోయింది. ఆ రోజు అమ్మ పళ్లెం గోడకేసి కొట్టాడు. ముప్పై ఒకటి మాత్రం పోదని ఆయన ఒట్టు. పోదని తేల్చడానికి మనిద్దరం. నాకు తొమ్మిదేళ్లు, నీకు ఏడు. వర్క్‌షాపులో ఒకే ముక్కని ఇద్దరు విడివిడిగా కొలిచి, కొలతలు కలిస్తేనే పాసు చేస్తారు కదా, ఇంట్లోనూ అదే పద్ధతి. నువ్వొక గది, నేనొక గది, ఒకే ప్రధాన సంఖ్యతో వారానికి రెండు భాగహారాలు. శేషాలు కలవకపోతే ఎవరిది తప్పో ఆయన చూడడు. స్టీలు స్కేలు, పక్కకి తిప్పి, ఇద్దరికీ. నాకు పదిహేడేళ్లు వచ్చేసరికి ఆరువేలు దాటాం.

ఇప్పుడు మనం ఆపినచోట, ఆరువేల నూట నలభై మూడు దగ్గర, నా కూతుర్ని కూర్చోబెట్టాడు. దానికీ తొమ్మిదేళ్లే. రెండో గదిలో ఎవరనుకున్నావు? మీ బావ! మామగారు సరదా పడుతున్నారు కదా అని మంచితనానికి కూర్చున్నాడు. కూర్చున్నవాడు బుద్ధిగా భాగించి ఊరుకున్నా బాగుండేది. గడియారాల మనిషి కదా, ఆయనకన్నీ పళ్లచక్రాలే. ఏమన్నాడంటే, ఒకటి, పది, వంద, వెయ్యి, ఇలా పోతూ ఏ సంఖ్యతో భాగించినా శేషాలు చక్రంలా తిరిగి మొదటికొస్తాయట. ముప్పై ఒక్క ఒకట్లు నిశ్శేషంగా పోవాలంటే ఆ చక్రం ముప్పై ఒక్క పళ్లకి మొదటికి రావాలట. అలా రావాలంటే భాగించే సంఖ్యలోంచి ఒకటి తీసేశాక మిగిలింది ముప్పై ఒకటితో పోవాలట, అది ఎలాగూ సరిసంఖ్యే కాబట్టి అరవై రెండుతో పోవాలట. అంటే ప్రధాన సంఖ్యల్లో మూడువందల పదకొండు చూడాలి, మూడువందల డెబ్బై మూడు చూడాలి, ఆరువందల ఎనభై మూడు చూడాలి. మధ్యలోవన్నీ దండగ. అలా చూసుకుంటూ పోతే పదమూడోది రెండువేల ఏడువందల తొంభై ఒకటి. దానితో పోయింది. శేషం సున్నా.

పదమూడు, తమ్ముడూ. మనం ఆ సంఖ్య దాకా రావడానికి నాలుగువందల పైచిలుకు వేశాం.

ఆయన సంబరంగా కాగితం చూపించి ఆ సంఖ్య కింద గీత గీస్తున్నాడట. నాన్న బల్లమీదున్న ఇస్త్రీపెట్టె ఎత్తి చేతి మీద కొట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. కొట్టి, "నా పిల్లలు దీన్ని వేశారు. శేషం పన్నెండొందల నాలుగు. రెండు చేతులు, రెండు గదులు, ఒకే శేషం. నువ్వెవడివిరా నా ఇంటి లెక్క తప్పనడానికి?" అన్నాడట. పాప ఇదంతా పక్కగదిలో పెన్సిల్ పట్టుకుని వింది. పెన్సిల్ కింద పెట్టలేదట, తాతయ్య తిడతాడని.

ఇప్పుడు ఆయన మాటేమిటంటే, మనిద్దరం మళ్లీ భాగించి చూపాలి. ఇద్దరికీ సున్నా వస్తే ఈ గడప తొక్కడు, పాప జోలికి రాడు. ఇంకెవరు వేసినా ఒప్పుకోడు. అందుకని నువ్వు రావాలి. నీ పేజీలో తప్పు ఎక్కడ పడిందో ఆయనకి చూపిద్దామనే అది అడిగాను; పుస్తకాలు కాల్చేశానన్నది నేను నమ్మడం లేదు. ఆయన పరువు కాపాడ్డానికి దాస్తున్నావు. "ఆయన కొట్టాల్సినవాణ్నే కొట్టాడు" అని రాసిన చెయ్యి ఏమైనా చేస్తుంది.

అక్క

మార్చి 27

అక్కా,

బావ కాళ్ల మీద పడ్డానని చెప్పు. వట్టి మాట కాదు. ఆయనకి వేరే ఉత్తరం రాశాను, ఈసారి చదవడానికి నువ్వు పక్కన ఉండు.

నేను రాను. వస్తే నాన్నని చంపుతాను. మాటవరసకి రాయడం లేదు. నీ ఉత్తరంలో ఇస్త్రీపెట్టె దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఉన్న అద్దం పగలగొట్టాను. ఆ ఇంటి గుమ్మంలో ఆయన్ని చూస్తే నా చేతికి నేను జవాబు చెప్పలేను.

రానిదానికి ఇంకో కారణం ఉంది. ఇది రాశాక నన్ను తమ్ముడని పిలవాలో వద్దో నువ్వే చూసుకో.

పదిహేనువందల యాభై మూడు గుర్తుందా? నీకు లెక్క తప్పి సున్నా వచ్చింది, నాకు ఏదో శేషం వచ్చింది. నువ్వు సంబరంగా పరిగెత్తుకుంటూ వెళ్లి "పోయింది నాన్నా, పోయింది!" అన్నావు. ఆయన రెండు పుస్తకాలూ పక్కన పెట్టి చూసి, "నా సంఖ్యకి సున్నా పెట్టడమంటే నా మొహాన ఉమ్మెయ్యడమే" అని నీ మణికట్టు బల్ల అంచుకి ఆనించి వంచాడు. చప్పుడు నేను విన్నాను. ఆ తర్వాతే కదా మనం గోడ మీద కొట్టుకోవడం మొదలుపెట్టింది. నాకొచ్చిన శేషం నేను అంకె అంకెకీ కణుపుతో కొట్టేవాణ్ని, సున్నాకి గోరుతో గీకేవాణ్ని. నీకు కలిస్తే ఒకసారి కొట్టేదానివి. కలవకపోతే ఇద్దరిలో ఒకరం దిద్దుకునేవాళ్లం.

రెండువేల ఏడువందల తొంభై ఒకటి వేసిన రోజు నాకు సున్నా వచ్చింది. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ సున్నా. నాకు పదకొండేళ్లు. చెడ్డీ తడిసిపోయింది, అంత భయం వేసింది. నోటికొచ్చిన సంఖ్య పన్నెండొందల నాలుగు కొట్టాను. నువ్వు కాసేపాగి ఒకసారి కొట్టావు. బతికిపోయాం అనుకున్నాను.

ఆ రోజు నేను నిజం కొట్టి ఉంటే అంతటితో అయిపోయేది. ఆ తర్వాత నాలుగేళ్లు ఉండేవి కావు. నీ ఎడమ చెవి పోయింది ఆ నాలుగేళ్లలోనే, గోడ మీద చప్పుడు సరిగ్గా వినపడక శేషాలు కలవని రోజున. నేను పుస్తకాలు కాల్చింది ఆయన పరువు కోసం కాదు. ఆ పేజీ నీ కంట పడకూడదని.

ఇంతకన్నా ఏం రాయాలో తెలియక,
నీ తమ్ముడు

ఏప్రిల్ 3

ఒరేయ్ పిచ్చి సన్నాసీ,

నాకూ సున్నే వచ్చింది.

నువ్వు పన్నెండొందల నాలుగు కొట్టేసరికి నీకు లెక్క తప్పిందనుకున్నాను. నా సున్నా చూపిస్తే శేషాలు కలవవు, ఆయన ఇద్దర్నీ కొడతాడు, నీకు అప్పటికే జ్వరంగా ఉంది. సున్నా రబ్బరుతో చెరిపేసి నీ శేషం వచ్చేలా పైనుంచి అంకెలు మార్చుకుంటూ వచ్చాను. పేజీ చిరిగేదాకా చెరిపాను. ఇన్నాళ్లూ ఆ నాలుగేళ్లూ నా వల్లేనని నేను కుమిలిపోతుంటే, నువ్వక్కడ అదే పాపాన్ని నీ నెత్తిన పెట్టుకుని అద్దాలు పగలగొడుతున్నావా? ఒకే పాపానికి ఇద్దరం హక్కుదారులమా? నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మీ బావకి చెబితే ఆయన ఎడంచేత్తో నా తల నిమిరాడు.

నా చెవి సంగతి వదిలెయ్. కొట్టినవాడు ఉండగా నువ్వెందుకు మోస్తావు?

ఇక పని సంగతి. మొన్న నాన్న పాప బడి గేటు ముందు నిలబడ్డాడు, సంచిలో పుస్తకాలు పెట్టుకుని. పాప ఆయన్ని చూసి పరిగెత్తి రోడ్డు మీద పడింది. మోచెయ్యి కొట్టుకుపోయింది. నేను అడ్డం పడితే నా జుట్టు పట్టుకుని గేటుకేసి కొట్టాడు, బడి ముందు, అందరూ చూస్తుండగా. కనుబొమ్మ దగ్గర మూడు కుట్లు. "మీ ఇద్దరి లెక్కా చూపించు, అప్పుడు పోతాను" అన్నాడు. పోలీసుల దగ్గరికి వెళదామంటే మీ బావ "ఆ లెక్క తేలాక ఆయనే పోతాడులే" అంటాడు. ఈయన మంచితనం నా ప్రాణానికొచ్చింది.

నువ్వు రావద్దులే. నాన్న రెండు గదులన్నాడు కదా, అవి పక్కపక్కనే ఉండాలని ఎక్కడా అనలేదు. నీ గదిలో నువ్వు వెయ్యి, నా గదిలో నేను వేస్తాను. సాక్షిని పెట్టుకుని, కవరు అంటించి పంపు. అడిగాను, ఒప్పుకున్నాడు.

నీ తోడుదొంగ

ఏప్రిల్ 12

అక్కా,

కవరు దీంతో పాటు పెట్టాను, విప్పకు.

మధ్యాహ్నం డ్యూటీ అయ్యాక క్యాంటీను బల్ల మీద కూర్చుని వేశాను. సాక్షి ఎవరో తెలుసా? నేను సుత్తి విసిరిన ఫిట్టరు. అడగడానికి సిగ్గేసింది. వాడు మాత్రం "సుత్తి అవతల పెట్టి కూర్చో, చూస్తాను" అన్నాడు. ఒక్కో మెట్టుకీ ఒక ఒకటి దింపుకుంటూ పోతుంటే నా వీపు దానంతటదే వంగిపోయింది. వెనక ఎవరూ లేరు, తెలుసు, అయినా వంగింది. వాడు చూసి కుర్చీ జరుపుకుని నా వెనక కూర్చున్నాడు.

భాగఫలం ఇరవై ఏడు అంకెలు. మూడు, తొమ్మిది, ఎనిమిదితో మొదలై ఒకటితో ముగిసింది. నీది కూడా అంతేనని తెలుసు. పాపని ఆ టైముకి ఇంట్లో ఉంచకు.

తమ్ముడు

ఏప్రిల్ 21

తమ్ముడూ,

నిన్న ఆదివారం వచ్చాడు. పాపని పక్కింటికి పంపాను. ఆయన చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, కళ్లజోడు తుడుచుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. నీ కవరు విప్పాడు, నా కాగితం పక్కన పెట్టాడు, వేలు పెట్టి ఒక్కో అంకె చూశాడు. ఇరవై నిమిషాలు పట్టింది. చివర రెండు సున్నాలూ చూసి, కళ్లజోడు తీసి, "ఈసారి మీ మధ్య గోడ లేదు కాబట్టి నమ్ముతున్నాను" అన్నాడు.

ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన ఎదుటికొచ్చి నిలబడ్డాను.

"గోడ సంగతి నీకు తెలుసా నాన్నా?" అన్నాను.

"నేను చెవిటివాణ్నా?"

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావు?"

"మీరు అబద్ధమాడినా ఇద్దరూ ఒకటే ఆడేవాళ్లు. కలవడం కావాలి నాకు. కలవని రోజే కదా కొట్టింది?"

ఆ మాట ఆయన వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా అన్నాడు. మీ బావ కట్టుకట్టిన చేత్తో కుర్చీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మాటిచ్చావు, ఇక బయల్దేరు అన్నాను. వింటేనా! రెండు కాగితాలూ మడిచి జేబులో పెట్టుకుని, "సరే, ముప్పై ఒకటి పోయింది. ఇక ముప్పై ఏడు ఒకట్లు మొదలుపెడదాం. అల్లుడి చక్రం చిట్కా బాగుంది, దానితో తొందరగా సాగుతుంది. పాపేది? కొత్త పుస్తకం తెమ్మను" అన్నాడు.

నా మాట, నీ మాట, ఆయన మాట, అన్నీ దండగే. ఏ లెక్క తేల్చినా దాని వెనక ఇంకోటి ఉంటుంది ఆ మనిషికి. నేను ఆయన చొక్కా పట్టుకుని లేపాను. అరవై ఏళ్ల మనిషి, పిడికెడు ఎముకలు, ఎంత తేలికో! మన చిన్నప్పుడు కొండంత ఉండేవాడు. వరండాలోకి ఈడ్చాను. నా మొహం మీద కొట్టాడు, కుట్లు తెగాయి. కంట్లో నెత్తురు పడి ఏమీ కనిపించలేదు, అలాగే మెట్ల మీంచి తోశాను. తొమ్మిది మెట్లు. కింద పడ్డవాడి దగ్గరికి దిగి వెళ్లి కాలితో తన్నాను కూడా. మీ బావ ఒంటిచేత్తో నన్ను పట్టుకోకపోతే ఎక్కడ ఆగేదాన్నో తెలియదు. నాన్నకి భుజం ఎముక విరిగిందట. మా ఆసుపత్రికి రాకుండా ఇంకోచోటికి వెళ్లాడు. ఈ ఉదయం మీ బావతో కలిసి పోలీసులకి అన్నీ చెప్పేశాం, నేను తన్నిన సంగతితో సహా. ఆయన ఇక ఈ వీధిలోకి రాలేడు. ఆ భయం తీరింది.

నువ్వు వస్తే చంపుతానన్నావు. నువ్వు రాకపోయినా ఆ పని సగం దాకా చేసినదాన్ని నేను. పశ్చాత్తాపం ఉందా అంటే లేదు.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. కానీ నీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను?

మధ్యాహ్నం పాప అన్నం తింటూ, దానంతటదే అడిగింది, "అమ్మా, ముప్పై ఏడు ఒకట్లు నిజంగా దేనితోనైనా పోతాయా?" అని. పక్కింట్లోకి అంతా వినపడిందట. దాని మొహంలో భయం లేదురా. తెలుసుకోవాలనే కోరిక, అంతే. మంచి ప్రశ్న. నా చెయ్యి లేచింది. కొట్టలేదు. కానీ లేచింది, అది చూసింది, చూసి కంచం పక్కకి జరిపి రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. ఎవరూ నేర్పకుండానే మనం పెట్టుకున్నట్టే పెట్టుకుంది. మీ బావ వచ్చి దాన్ని ఎత్తుకుని, "పోతాయో పోవో రేపు మనిద్దరం చూద్దాం, తప్పొస్తే మళ్లీ వేద్దాం" అంటూ లోపలికి తీసుకెళ్లాడు. నేను ఎంగిలి చేత్తో అక్కడే కూర్చుండిపోయాను.

రా. ఆయన లేడు కాబట్టి నీకు అడ్డం లేదు. నీ చెయ్యి మంచిది కాదని పెళ్లి మానేశావే, ఇన్నేళ్లు ఎవరినీ కొట్టకుండా ఎలా ఉన్నావో నాకు చెప్పాలి. ఒక నెల రోజులు సెలవు పెట్టు. ఇంట్లో నాకూ పాపకీ మధ్య నిలబడ్డానికి ఒక మనిషి కావాలి, మీ బావకి ఒక్కచెయ్యే ఉంది.

నీ అక్క